పేర్రాజు గారి భార్యకి కాయం

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒకే ఒక్క అబద్ధంతో ఒక పక్షిని ఇంటివాణ్ణి చేశాను. అంతటితో ఆగితే ఎవరికీ నష్టం ఉండేది కాదు. కానీ ఆ పక్షిగారి సంసారం నా సంసారం మీదికి వచ్చి పడింది. ఒక మే నెల మిట్టమధ్యాహ్నం పట్టుచీర కట్టుకున్న నా భార్య, చేతిలో బాలింతలకి పెట్టే కాయం డబ్బాతో, సింగపూర్ అడవిలో చెట్టు కింద నిలబడి, "ఇల్లేదండీ?" అని అడిగే దాకా వచ్చింది. ఆ ప్రశ్న వింటున్నప్పుడు నా మొహం ఎలా ఉందో నేను చూసుకోలేదు. చేతిలో అద్దం లేకుండా చెయ్యడం ఆ రోజు దేవుడు నాకు చేసిన ఒకే ఒక్క మేలు.

ముందు నా సంగతి చెప్పాలి. నేను రామచంద్రపురం దగ్గర ఒక రైసు మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి. కాలేజీ గడప తొక్కలేదు. కాలవలో పడ్డవాడు ఈత నేర్చుకున్నట్టు లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. తర్వాత ఒక కంప్యూటర్ పుస్తకం పట్టుకుని దాన్నీ అలాగే ఈదాను. మామూలు రోజుల్లో అయితే ఇలాంటి చదువుకి మిల్లు గుమ్మం దాటే యోగం ఉండదు. కానీ అవి రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకి మతి పోతుందని లోకమంతా వణుకుతున్న రోజులు. కీబోర్డు మీద వేలు ఆన్చడం వచ్చిన ప్రతి తెలుగువాడికీ విమానం టిక్కెట్టు వస్తోంది. నాకూ వచ్చింది. సింగపూర్ సైన్స్ పార్కులో ఒక ఆఫీసు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరం రెండంకెల్లో కనిపించిన చోటల్లా, వాటి పక్కన ఇంకో రెండంకెలు తోడు పెట్టడం నా ఉద్యోగం. రోజూ కొన్ని వందల అంకెలకి తోడు దొరికేది. నాకే దొరకలేదు.

బుకిట్ పంజాంగ్ అనే పేటలో ఒక చైనా ఆంటీ ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. ఆంటీకి తెలుగు రాదు, నాకు చైనా భాష రాదు. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు "రైస్ ఈట్ ఆల్రెడీ?" "ఈట్ ఆల్రెడీ" దగ్గర మొదలై అక్కడే ముగిసేది. ఆఫీసులో మనవాళ్ళున్నారు. కానీ కలిసిన ప్రతివాడూ మొదటి మాటగా "మీదే కాలేజీ?" అని అడిగేవాడు. నేను మిల్లు పేరు చెప్పేవాణ్ణి. సంభాషణ అక్కడితో మంగళం. ఆదివారం లిటిల్ ఇండియాకి వెళ్తే, కట్టడాల పనుల్లోనూ ఓడల మరమ్మతులోనూ ఉన్న మన కుర్రాళ్ళు ఊరివారీగా గుంపులు కట్టి గడ్డి మీద కూర్చునేవారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పాపానికి నన్ను చూడగానే "సార్ వచ్చారు" అని లేచి నిలబడేవారు. నిలబడ్డవాళ్ళతో ఎంతసేపు కబుర్లు చెప్పగలం? రెండు చోట్లా నేను భాగహారంలో మిగిలిపోయిన శేషంలా ఉండేవాణ్ణి.

అలా ఒక ఆదివారం, ఎక్కిన బస్సు దిగకుండా కూర్చుంటే అది నన్ను ఊరి ఆ చివర చాంగీ రేవు దగ్గర దింపింది. అక్కడి నుంచి ఉబిన్ అనే చిన్న దీవికి మర పడవలు వెళ్తాయి. పడవకి పన్నెండు మంది నిండితే గానీ సరంగు కదలడు. పదకొండు మంది కూర్చుని ఉన్నారు. సరంగు నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి, "వన్ మోర్! వన్ మోర్! కమ్, కమ్!" అని కేకేశాడు. పడవలో అందరూ నా వైపు ఆశగా చూశారు. సింగపూర్‌లో దిగాక నేను కావాలని ఎవరైనా అనుకోవడం అదే మొదలు. పరుగెత్తుకెళ్ళి ఎక్కేశాను. ఎక్కడికో అడగను కూడా అడగలేదు.

ఆ దీవిలో కనిపించారు పేర్రాజు గారు.

నల్లటి ఒళ్ళు, తెల్లటి పొట్ట, పంచె ఎగ్గట్టినట్టు తెల్ల అంచున్న రెక్కలు. ముక్కు మాత్రం మనిషంత మనిషికి సరిపోయేది. దాని మీద ఇంకో ముక్కు బోర్లించినట్టు ఒక కొమ్ము టోపీ. హార్న్‌బిల్ అంటారని తర్వాత తెలిసింది. మొదటిసారి చూసినప్పుడు మాత్రం, మా మిల్లుకి ధాన్యం తెచ్చి, కాటా దగ్గర మెడ పక్కకి వంచి తూకం సరిగా ఉందా లేదా అని ఒక కంటితో చూసే పేర్రాజు గారే గుర్తొచ్చారు. అదే మెడ, అదే చూపు, ఇంచుమించు అదే ముక్కు. "ఏమండీ పేర్రాజు గారూ, తమరెప్పుడొచ్చారు?" అన్నాను పైకి చూసి. ఆ వారంలో నా నోట వచ్చిన మొదటి తెలుగు మాట అది. గొంతు బొంగురుపోయి ఉంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అక్కడికే. పాత సామాన్ల కొట్లో బైనాక్యులర్ ఒకటి కొన్నాను. పక్షుల పుస్తకం కొని, అలవాటు ప్రకారం దాన్నీ నా అంతట నేనే చదువుకున్నాను.

నేను చిక్కుకున్న వల ఫోను. ఆదివారం సాయంత్రం బూత్ నుంచి ఇంటికి చేసేవాణ్ణి. నా భార్య రాజ్యం మొదటి ప్రశ్న భోజనం గురించి, రెండో ప్రశ్న మనుషుల గురించి.

"ఎవరితోనైనా మాట్లాడుతున్నారా, లేకపోతే మిల్లులోలాగే గోడ వైపు తిరిగి కూర్చుంటున్నారా?"

"మాట్లాడుతున్నాను. పేర్రాజు గారని ఉన్నారులే."

"మన పేర్రాజు గారా?"

"కాదు, ఈయన వేరు. ఇక్కడే పుట్టి పెరిగారు."

"ఏం చేస్తారు?"

"పళ్ళు… పళ్ళ మీద బతుకుతారు."

"పళ్ళ వ్యాపారమా? మంచిదే. మనిషెలాంటివారు?"

"నెమ్మదస్తులు. ఎక్కువ మాట్లాడరు. నేను చెప్పేదంతా వింటారు."

"పోన్లెండి," అంది రాజ్యం. అవతల ఆమె ఊపిరి వదిలిన చప్పుడు సముద్రాలు దాటి నా చెవిలో పడింది. "మీకో మనిషి దొరికాడు. నాకు నిద్ర పడుతుంది."

ఇప్పుడు మీరే చెప్పండి, ఆ ఊపిరి విన్నాక "మనిషి కాదు రాజ్యం, పక్షి" అనడానికి నోరొస్తుందా? ఇంకొక మాట. నన్ను అబద్ధాలకోరు కింద జమకట్టకండి. నేను చెప్పిన వాక్యాల్ని ఒక్కొక్కటీ తీసి తనిఖీ చేసుకోండి. ఇక్కడే పుట్టడం నిజం. పళ్ళ మీద బతకడం నిజం. వినడం కూడా నిజమే, పారిపోలేదు కాబట్టి. వరసలన్నీ సరైనవే, అడుగున వేసిన మొత్తమే తప్పు. లెక్కలు తెలిసినవాడికి ఇంతకంటే సిగ్గుచేటు లేదు.

వారం వారం పేర్రాజు గారి కబుర్లు పెరిగాయి. అబద్ధం చక్రవడ్డీ లాంటిది. అసలు మర్చిపోయినా అది మర్చిపోదు. ఒక ఆదివారం రాజ్యం, "ఆయన భార్యని ఎప్పుడూ తీసుకురారేం?" అని అడిగింది.

హార్న్‌బిల్ సంసారం గురించి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. గుడ్లు పెట్టే ముందు ఆడది చెట్టు తొర్రలోకి వెళ్ళి, లోపలి నుంచి బురదతో గుమ్మం మూసేసుకుంటుంది. సన్నటి చీలిక ఒక్కటే వదులుతుంది. నెలల తరబడి బయటికి రాదు. మగవాడు పళ్ళూ పురుగులూ తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే పేర్రాజు గారి ఇంట్లో ఈ తతంగం నడుస్తోంది. నేను ఆ మైకంలో ఉన్నాను.

"ఆవిడ బయటికి రాదు రాజ్యం," అన్నాను.

"ఒంట్లో బాగోలేదా?"

"అది కాదు. లోపలే ఉంటుంది. అన్నీ ఆయనే తెచ్చి కిటికీలోంచి అందిస్తాడు."

"కిటికీలోంచి ఏంటండీ? తలుపు లేదా?"

"తలుపు మూసేశారు."

 ఫోను కార్డు కరుగుతున్న చప్పుడు కూడా నాకు వినిపించింది.

"మూసేశారంటే? తాళం వేసుకు వెళ్తాడా ఆ మనిషి?"

"అబ్బే! ఆవిడే మూసుకుంది. ఇంకొన్నాళ్ళలో… అదే… పిల్లలు."

"ఓరి దేవుడా, నీళ్ళాడబోతోందా! తల్లి రాలేదా? పురుడు పొయ్యడానికి ఎవరూ లేరా? ఆవిడ పేరేంటి?"

ఆ క్షణంలో లోకంలోని ఆడపేర్లన్నీ నా బుర్రలోంచి ఎగిరిపోయాయి. మిగిలింది ఒక్కటే. "సత్యవతి," అన్నాను. సత్యం అంటూ నేను ఆ నెలలో పలికింది ఆ పేరులోనే.

మా అమ్మాయి చిన్నికి వేసవి సెలవులిచ్చారు. ఆ సెలవులకి రాజ్యం, చిన్ని, ఇద్దరూ సింగపూర్ చూడ్డానికి రావాలనుకున్నాం. నచ్చితే ఇక్కడే ఉండిపోవాలని నా ఆశ. రాజ్యం ముందే చెప్పింది: "నేను వచ్చేది ఊరు చూడ్డానికి కాదు. మీరు పొద్దున్న వెళ్తే రాత్రికి వస్తారు. పలకరించే ఆడమనిషి ఉంటేనే నేనక్కడ ఉండగలను. సత్యవతి ఎలాంటి మనిషో చూసి చెబుతా." అంటే, చదువరులారా, నా భార్యాబిడ్డలు నాతో ఉంటారా, నేను మళ్ళీ ఆంటీతో "ఈట్ ఆల్రెడీ" అనుకుంటూ బతకాలా అన్న తీర్పు ఇప్పుడొక ఆడ హార్న్‌బిల్ ముక్కు మీద ఆధారపడింది.

విమానాశ్రయంలో రెండు పెట్టెలు మోసుకుంటూ వచ్చింది రాజ్యం. ఒకటి వాళ్ళ బట్టలు. రెండోది, ఈపాటికి నీళ్ళాడి ఉంటుందని తను లెక్క కట్టిన సత్యవతికి పురిటి సామాను. కాయం, వెల్లుల్లి కారం, పాత నేత చీరలతో కుట్టిన బొంతలు, ఉగ్గుగిన్నె, పిల్లకి మాట స్పష్టంగా రావడానికి వసకొమ్ము, జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమ.

"వసకొమ్ము ఎందుకూ?" అన్నాను నీరసంగా.

"బాగుందండీ, పిల్లకి మాటలు రావద్దూ?"

నేను పెట్టెలు రెండూ ఎత్తుకున్నాను.

మొదటి రోజు "పేర్రాజు గారు ఊళ్ళో లేరు" అన్నాను. "పురిటి రోజుల్లో భార్యని వదిలి వెళ్ళాడా! ఇదేం మనిషి?" అంది. రెండో రోజు "మైల కదా, చూడ్డానికి వెళ్ళకూడదేమో" అన్నాను. "దిక్కులేనివాళ్ళకి మైలేంటండీ?" అంది. ఎత్తైన మేడలు చూపించబోయాను. మెడ ఎత్తకుండానే, "ఇందులో వాళ్ళ ఇల్లు ఎన్నో అంతస్తు?" అని అడిగింది.

ఇక లాభం లేదని ఒక పేర్రాజు గారిని అద్దెకి తేవాలని నిశ్చయించుకున్నాను. సైన్స్ పార్కు పక్కన యూనివర్సిటీలో పరిశోధన చేసే భాస్కర్ అని ఒక కరీంనగర్ కుర్రాడు, ఒకసారి బస్టాపులో "అన్నా, తెలుగా?" అని అడిగాడు. ఆ పరిచయాన్ని పట్టుకుని క్యాంటీన్‌కి పిలిచి, టీ తాగించి, విషయం చెప్పాను.

"అంటే అన్నా, నేను గిప్పుడు పక్షి లెక్క యాక్ట్ చెయ్యాల్నా?"

"పక్షిలా కాదయ్యా, పేర్రాజు గారిలా. ఒక్క గంట. గోదావరి జిల్లా మనిషిలా నాలుగు మాటలు మాట్లాడు, చాలు."

"ఆయ్ అనాల్నా?"

"అప్పుడప్పుడూ."

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, నాకింకా పెండ్లే కాలే. బాలింతను యాడికెళ్లి తేవాలె? పాపను యాడికెళ్లి తేవాలె? వదినకు నిజం చెప్పున్రి. గంతే." లేచి వెళ్తూ వెనక్కి తిరిగి, "అన్నా, ఒక్క మాట. ఆదివారాలు నేను హాస్టల్‌లనే ఉంటా. ఖాళీగనే ఉంటా. పక్షులు గిట్ల దొరకకపోతే నాకు ఫోన్ జేయున్రి," అన్నాడు. ఆ మాటకి నాకు నవ్వు రావాలి. ఎందుకో రాలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అక్కడ ఇంకో కొంప అంటుకుని ఉంది. వంటింట్లో రాజ్యం మా చిన్నిని దుబాసీగా పెట్టుకుని ఆంటీని విచారిస్తోంది. చిన్నిది కాన్వెంటు ఇంగ్లీషు.

"పేర్రాజు అంకుల్ యు నో?" అంది చిన్ని.

ఆంటీ గరిటె ఊపింది. "యువర్ ఫాదర్ ఆ? నో ఫ్రెండ్ వన్ లా! ఎవ్రీ సండే గో అలోన్, కమ్ బ్యాక్ అలోన్. సో పూర్ థింగ్."

"ఏమంటోందే?"

"అమ్మా, నాన్నకి ఫ్రెండ్సే లేరంట. ఒక్కడే వెళ్తాడంట, ఒక్కడే వస్తాడంట. పాపం అంటోంది."

రాజ్యం నా వైపు చూసింది.  చిన్ని టీవీ ముందుకి వెళ్ళేదాకా ఆగి, గది తలుపు దగ్గరికి వేసి, చాలా మెల్లగా అడిగింది.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. తలుపు మూసుకుని లోపలున్న ఆ ఆడమనిషికి కిటికీలోంచి అన్నం అందిస్తున్నది పేర్రాజు గారా, మీరా?"

నాకు పొలమారింది. నోట్లో ఏమీ లేకుండానే పొలమారింది.

"పేర్రాజు గారే!"

"ఆయన్ని చూసినవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరు లేరే మరి?"

"నేను చూశానుగా!"

"అదే నేనూ అంటున్నది. మీరొక్కరే చూశారు. ఎక్కడుంటుందావిడ?"

"బస్సెక్కి, తర్వాత పడవెక్కి…"

"పడవా! దీవిలో పెట్టారా ఆవిణ్ణి?"

అప్పుడైనా చెప్పేయొచ్చు కదా అంటారు మీరు. చెబుదామనే నోరు తెరిచాను. "అది పక్షి." రెండే మాటలు. కానీ ఆ రెండు మాటల వెనకే ఇంకో వాక్యం క్యూలో నిలబడి ఉంది: "ఈ ఊళ్ళో నాకెవరూ లేరు." మొదటిది బయటికొస్తే రెండోది ఆగదు. వాళ్ళని ఊరి దగ్గర వదిలి పెద్ద ఉద్యోగస్తుడిలా చెయ్యూపి వచ్చినవాణ్ణి, ఆ రెండోది నా నోటితో చెప్పలేకపోయాను. కళ్ళతో చూస్తే ఆమే తెలుసుకుంటుందిలే అనుకున్నాను. "రేపు తీసుకెళ్తాను," అన్నాను.

మర్నాడు రాజ్యం పట్టుచీర కట్టుకుంది. కోపం ఉన్నా మర్యాద మర్యాదే. బాలింతని చూడ్డానికి వట్టి చేతులతో, నేత చీరతో వెళ్ళదు. పళ్ళెం, పసుపు కుంకుమ, జాకెట్టు గుడ్డ, బొంతలు, కాయం డబ్బా. రేవులో సరంగు మమ్మల్ని చూసి పెళ్ళివారనుకుని, "కంగ్రాట్స్!" అన్నాడు. ఆమె నవ్వలేదు. పడవలో నా పక్కన కాకుండా ఎదురుగా కూర్చుని, నన్ను కాకుండా నా వెనకాల సముద్రాన్ని చూసింది. చిన్ని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, నీళ్ళలో చెయ్యి పెట్టడం మానేసింది.

దీవిలో దిగి ఎండలో నడిచాం. కొబ్బరి చెట్లు, రేకుల కప్పు ఇళ్ళు, ఎర్ర మట్టి దారి. ప్రతి ఇంటి ముందూ రాజ్యం ఆగుతోంది, నేను ముందుకి నడుస్తున్నాను. ఇళ్ళు అయిపోయాయి. దారి సన్నబడింది. చివరికి ఒక పెద్ద చెట్టు కింద నేను ఆగాను.

"ఇల్లేదండీ?" అంది.

నేను చెయ్యి ఎత్తి పైకి చూపించాను.

ఆమె పైకి చూసింది. నన్ను చూసింది. మళ్ళీ పైకి చూసింది. నాకు ఎండదెబ్బ తగిలిందనుకుందో ఏమో, కాయం డబ్బా కింద పెట్టి నా నుదుటి మీద చెయ్యి వేసింది.

"కాసేపాగు, పేర్రాజు గారు వస్తారు," అన్నాను.

వారాల తరబడి గమనించి నేను వేసిన సగటు ప్రకారం ఆయన ఇంకాసేపట్లో రావాలి. రాలేదు. సగటు అనేది బంధువు లాంటిది. అవసరం లేనప్పుడు ఠంచనుగా వస్తుంది, పీకల మీదికొచ్చినప్పుడు మొహం చాటేస్తుంది. చీమలు కాయం డబ్బా వాసన పట్టాయి. పట్టుచీర చెమటకి తడిసింది. చిన్ని "నాన్నా, ఇంటికెళ్దామా?" అంది. రాజ్యం ఒక వేరు మీద కూర్చుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. ఆమె కళ్ళలో కోపం పోయి భయం వచ్చింది. అంతకంటే కోపమే నయం.

అప్పుడు గాలి చీరిన చప్పుడైంది. ఆవిరి ఇంజను దగ్గరికొస్తున్నట్టు, రెక్కల చప్పుడు. నల్లగా, తెల్లగా, ముక్కు ముందు పెట్టుకుని పేర్రాజు గారు వచ్చి తొర్ర దగ్గర వాలారు. మెడ పక్కకి వంచి, కాటా చూసినట్టు మమ్మల్ని ఒక కంటితో చూశారు. ముక్కు కొసన ఒక ఎర్రటి పండు. తొర్ర చీలికలోంచి ఇంకో ముక్కు కొస బయటికి వచ్చింది. ఆయన పండు అందించారు. ఆవిడ అందుకుంది. గొంతులో దాచుకున్న ఇంకో పండు తీసి, అదీ అందించారు.

"అమ్మా!" చిన్ని కెవ్వుమంది. "సత్యవతి ఆంటీ!"

నిజం నిలకడ మీద తేలుతుందంటారు. నాది కొమ్మ మీద తేలింది.

రాజ్యం పైకి చూస్తూనే ఒక్కొక్కటీ సరిచూసుకుంది.

"పేర్రాజు గారు…"

"ఆయనే."

"పళ్ళ వ్యాపారం…"

నేను తల వంచుకున్నాను.

"మరి సంక్రాంతికి ఆయనతో కలిసి భోంచేశానన్నారు?"

"చేశాను. నేను బ్రెడ్డు తెచ్చుకున్నాను. ఆయన పండు తిన్నాడు."

"మీ పుట్టినరోజుకి?"

"అప్పుడు ఆయన రాలేదు," అన్నాను. "నేనొక్కణ్ణే తిన్నాను."

ఇక్కడ నన్ను తిట్టాలి. పెట్టె సర్దుకుని వెళ్ళిపోతానని అనాలి. నేను సిద్ధంగా ఉన్నాను. రాజ్యం లేచి, కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటో ఏమో నేను అడగలేదు. పళ్ళెంలోంచి పసుపు కుంకుమ తీసి చెట్టు మొదలుకి బొట్టు పెట్టింది. జాకెట్టు గుడ్డ తీసి, ఒక్క క్షణం ఆలోచించి, మళ్ళీ సంచిలో పెట్టేసింది.

"ఆవిడకి చేతుల్లేవు," అంది.

ఆ మాటతో మొదలైంది నవ్వు. వేరు మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. చిన్ని నవ్వింది. నేను నవ్వబోయి, ఏడుపు వచ్చి, దాన్ని దగ్గుగా మార్చాను. పేర్రాజు గారు మా కుటుంబం మీద అసహ్యం వేసి ఎగిరిపోయారు.

తిరుగు పడవలో నా పక్కనే కూర్చుంది.

"మేం వచ్చేస్తున్నామండీ. పిల్లని ఇక్కడే బళ్ళో వేద్దాం."

"సత్యవతి లేదు కదా మరి?" అన్నాను బెరుగ్గా.

"అందుకే. ఇంకొక్క ఏడాది వదిలేస్తే వీధి దీపాలకి బారసాల చేస్తారు."

కాయం ఆంటీ తినేసింది. "వెరీ షియోక్, హావ్ సమ్మోర్?" అని డబ్బా నాకేసి మరీ అడిగింది. షియోక్ అంటే అక్కడి మాటల్లో బ్రహ్మాండం అని. భాస్కర్ ఆదివారం భోజనాలకి వచ్చేవాడు; రాజ్యం అతన్ని "పేర్రాజు గారూ" అనే పిలిచేది.

కథ కంచికి పోయిందనుకుంటున్నారు కదూ? నేనూ అలాగే అనుకున్నాను.

వాళ్ళు వచ్చేశాక ఎత్తైన బ్లాకులో సొంతంగా ఒక ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాం. రెండువేల సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లకి మతి పోలేదు, నా ఉద్యోగం కూడా పోలేదు. పని ఇంకా పెరిగింది. పొద్దున్న నేను సైన్స్ పార్కుకి, చిన్ని బడికి. ఒక రోజు జ్వరం వచ్చి మధ్యాహ్నానికే ఇంటికొచ్చాను. తలుపు తీసుకుని లోపలికి వెళ్తుంటే రాజ్యం వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది.

"నాకేం బెంగ లేదే అమ్మా. కాంతమ్మ ఉందిగా. పొద్దున్న వాళ్ళు వెళ్ళగానే వచ్చేస్తుంది. మొగుడితో రోజూ పోట్లాటే అనుకో. మధ్యాహ్నం నేను భోంచేస్తుంటే ఎదురుగా కూర్చుంటుంది. నే చెప్పేదంతా వింటుంది."

నా ప్రాణం లేచొచ్చింది. రాజ్యానికి స్నేహితురాలు దొరికింది! ఫోను పెట్టగానే, "కాంతమ్మ గారిని వాళ్ళాయనతో సహా ఆదివారం భోజనానికి పిలుద్దాం," అన్నాను.

"వాళ్ళు ఊళ్ళో లేరు," అంది చటుక్కున.

"ఇప్పుడే ఎదురుగా కూర్చుంటుందన్నావు?"

"రేపు వెళ్తున్నారు."

ఈ వరస నాకు ఎక్కడో తెలిసినట్టే ఉంది. జ్వరంలోనే లేచి, తను మధ్యాహ్నం భోంచేసే వంటింట్లోకి వెళ్ళాను. కిటికీ బయట, బట్టలారేసే వెదురు కర్ర మీద, నా బనీను పక్కన, పసుపు ముక్కు గోరింక ఒకటి కూర్చుని మెడ వంచి లోపలికి చూస్తోంది. అవతలి కర్ర మీద దాని మొగుడు. ఇద్దరికీ పడినట్టు లేదు.

వెనక్కి తిరిగి చూశాను. రాజ్యం గుమ్మంలో నిలబడి ఉంది.

"మరేం చెప్పమంటారండీ అమ్మకి?" అంది. "పొద్దున్నించి సాయంత్రం దాకా గోడలు చూస్తున్నానని చెప్పమంటారా?"

 ఆ ప్రశ్న నేను కనిపెట్టిందే. కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆమె ఇంకో కుర్చీ తెచ్చుకుంది. కాంతమ్మ దంపతుల పోట్లాట ఇద్దరం కలిసి చూశాం.

"పోన్లే," అన్నాను చివరికి. "అత్తయ్య గారు అక్కడెక్కడో ఉన్నారు. ఆవిడకేం తెలుస్తుంది?"

రాజ్యం కొంగు మెలిపెట్టింది. "అది కాదండీ. అమ్మ వచ్చే నెల వస్తోంది."

"వస్తే?"

"కాంతమ్మకి జరీ అంచు చీర తెస్తోంది. మొగుడితో సర్దుబాటు చేసి వెళ్తానంటోంది."

కాబట్టి చదువరులందరి సాక్షిగా, తూర్పు ముఖంగా నిలబడి, సగటుల మీదా శాతాల మీదా ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను ఏ పక్షికీ పేరు పెట్టను. పెట్టినా దాని సంసారం సంగతులు ఫోన్లో చెప్పను. చెప్పినా ఆడపేరు అడిగితే సత్యవతి అనను. ఈ ప్రమాణం కాంతమ్మకి మాత్రం వర్తించదు. ఆవిడ మా ఆవిడ తరఫు.